ఉప్పు తిన్న విశ్వాసము

విశ్వాసము అను మాటను మన తెలుగువారము రెండు తావుల వాడుచుందుము. ఆదివారమున ఆరాధనలో లేచి నిలిచి విశ్వాసప్రమాణము చెప్పునప్పుడు ఆ మాట క్రీస్తునందలి మన నమ్మికను తెలుపును. ఇంటికి వచ్చి, మేలు పొంది మరచినవానిని గూర్చి మాటలాడునప్పుడు, వానికి ఉప్పు తిన్న విశ్వాసమైనను లేదందుము. అన్నము పెట్టిన వాకిలిని కాచుకొనియుండు కుక్కకు విశ్వాసమున్నదందుము. మొదటి విశ్వాసము రక్షణకు సంబంధించినది, రెండవది ఋణమునకు సంబంధించినది. వేదగ్రంథ అనువాదములోను, వేదాంత బోధనలోను ఇరువదియైదేండ్లకు పైగా గడపిన నాకు, ఈ రెండర్థముల చిక్కు నిఘంటువునకు సంబంధించినదిగానే చాలకాలము తోచెను. అది మనస్సాక్షికి సంబంధించినదని నాకు నేర్పినది చదువురాని యొక స్త్రీ.

చిక్కు ఇది. ఆకలిగొన్నవానికి ఒక చేతితో అన్నము పెట్టి, రెండవ చేతితో సువార్త నందించుచున్నాము. అతడు భుజించి, విని, "నేను విశ్వసించుచున్నాను" అని చెప్పుచున్నాడు. అతడు చెప్పినది ఏ విశ్వాసము? క్రీస్తునందలి విశ్వాసమా, ఉప్పు తిన్న విశ్వాసమా? రెండవదైనయెడల మన కనికరము కనికరముగా నిలుచునా, లేక వెలగా మారిపోవునా? ఆ భయముచేత సువార్తను దాచిపెట్టి అన్నము మాత్రమే పెట్టినయెడల, మనకు దొరికిన జీవాహారమును ఆకలిగొన్నవానికి చూపనివారము కామా? ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను నేను గ్రంథములలో కనుగొనలేదు. మా సంఘము వాకిట నిలిచి కనుగొంటిని.

రెండు తప్పులు

2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమాయెను. పనులు నిలిచిపోయినవి, బస్సులు రైళ్లు ఆగిపోయినవి. మేముండు పట్టణము జాతీయ రహదారి ప్రక్కన నున్నది. పట్టణపు అంచున సగము కట్టిన భవనములు కొన్ని గలవు. వాటియొద్ద రేకుల షెడ్లలో కూలి కుటుంబములు చిక్కుకొనిపోయినవి. కొందరు ఒడిశావారు, కొందరు మన శ్రీకాకుళము వైపువారు. సంఘస్థులు తమ యిండ్లలోనుండి తెచ్చినదియు, కానుకలతో కొన్నదియు కలిపి బియ్యము, కందిపప్పు, నూనె, ఉప్పు సంచులలో కట్టిరి. సంచులు కట్టుచుండగా ఒక పెద్ద లేచి, ప్రతి సంచిలో ఒక కరపత్రము పెట్టుదమనెను. ఇట్టి అవకాశము మరల రాదనెను. మరియొకరు వద్దనిరి. అందరును నా ముఖము చూచిరి.

నేను పెట్టుదమంటిని. కారణము చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. దేవుని కృప వెల లేనిదని బోధించు నాలుగు పుటల కరపత్రమది. దానిని ఆంగ్లమునుండి తెలిగించినవాడను నేనే. దాని ప్రతులు సంఘపు బీరువాలో కట్టలుగా పడియుండెను.

మరునాడు షెడ్లయొద్ద సంచులు పంచుచుండగా, ఏబదియేండ్లు దాటిన యొక స్త్రీ తన సంచిని విప్పి చూచి, అందులోని కాగితమును పైకి తీసి, ముడుతలు చేతితో సవరించి, నా యొద్దకు తెచ్చెను. "బాబూ, ఏలిముద్ర ఎక్కడెయ్యాల?" అని అడిగెను. నాకు బోధపడలేదు. అప్పుడామె, "మేస్త్రి అడ్వాన్సు ఇచ్చినప్పుడు కాయితం మీద ఏలిముద్ర ఏయించుకున్నాడు బాబూ. ఈ బియ్యానికీ ఎయ్యాల కదా" అనెను. ఆమె మాటలో నిష్ఠూరము లేదు. సంచిని ప్రక్కన దించి, కుడిచేతి బొటనవ్రేలిని కొంగుతో తుడుచుకొని సిద్ధముగా నిలిచెను.

ఏమియు అక్కరలేదమ్మా, తీసికొనిపొండని చెప్పితిని. ఆమె నమ్మినట్లు లేదు. కాగితమును నాలుగు మడతలు పెట్టి, ఎప్పుడైన ఎవరైన అడుగుదురేమోయని కాబోలు, కొంగున ముడివేసికొని వెళ్లెను. కృప ఉచితమని నేను తెలుగు చేసిన కాగితము ఆమె కొంగున అప్పుపత్రమై వ్రేలాడుచుండెను. ఆమె అక్షరములు చదువలేకపోయెను గాని మేము చేసిన పనిని చక్కగా చదివెను. బియ్యముతోపాటు ఒక కాగితము వచ్చినయెడల, ఆ కాగితము బియ్యమునకు బదులుగా ఏదియో కోరునని ఆమె బ్రదుకు ఆమెకు నేర్పియుండెను.

ఆ రాత్రియే కరపత్రములను తీసివేసితిమి. అంతటితో నిలిచినయెడల బాగుండును. మేము భయపడి సువార్తను గూర్చి ఒక్క మాటయైనను ఎత్తరాదని కూడ తీర్మానించితిమి. రెండు వారములు గడచెను. అప్పటికి రహదారివెంట ఉత్తరముగా నడచిపోవువారు ఎక్కువైరి. వారికి పులిహోరయు మజ్జిగయు ఇచ్చుచుంటిమి. ఒక యౌవనుడు చెట్టు నీడను కూర్చుండి తినుచు, వచ్చీరాని తెలుగులో, "మేము ఎవరమో మీకు తెలియదు. ఎందుకు పెడుతున్నారు?" అని అడిగెను. మా పిల్లలలో నొకడు, తీర్మానము జ్ఞాపకముంచుకొని, "ఊరికే, సంఘసేవ" అని బదులు చెప్పెను. నేను ప్రక్కనే యుంటిని. నేనును నోరు తెరువలేదు. ఆ యౌవనుడు తల ఊపి, ఆకు పారవేసి, నడచిపోయెను.

మనయందున్న నిరీక్షణకు హేతువేమని అడుగు ప్రతివానికి సాత్వికముతో జవాబు చెప్ప సిద్ధముగా నుండవలెనని పేతురు తన మొదటి పత్రికలో సంఘమునకు బోధించెను. స్త్రీ అడుగనిదానిని సంచిలో పెట్టి యిచ్చితిమి. యౌవనుడు అడిగినదానిని ఇయ్యకపోతిమి. పదిహేను దినములలో ఒకే సంఘము ఈ రెండు తప్పులను చేసెను. రెండింటికిని మూలమొకటేయని నాకు తోచుచున్నది. రెండుమారులును మేము మమ్మునుగూర్చియే ఆలోచించితిమి. మొదట మా పరిచర్య ఫలించవలెనని, తరువాత మా పేరు చెడకుండవలెనని.

కరవునాటి ఒంగోలు

తెలుగు సంఘము తన బాల్యములోనే ఈ ప్రశ్నను ఎదుర్కొనెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణ హిందూదేశమును పీడించిన మహాక్షామములో ఏబది లక్షలకు పైగా జనులు మరణించిరని చరిత్రకారుల అంచనా. 1877 ఆరంభమున వైస్రాయి లిట్టన్ పంపగా మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయపు పనులలోని కూలిని తగ్గించి, పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఆ తిండితో కష్టము చేయువాడు బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ వాదించెను. టెంపుల్ కఠినుడని చెప్పి విడిచిపెట్టుట సులభము. అయితే అతడే 1874లో బీహారు కరవునందు బర్మానుండి బియ్యము తెప్పించి ధారాళముగా పంచి, ప్రజల ప్రాణములు కాపాడి, దుబారా చేసెనను నింద పొందియుండెను. ఆ నాటి సహాయ నియమముల వెనుకనున్న తలంపు ఇది: అర్హత లేనివాడు అన్నము తినకుండునట్లు పుచ్చుకొనువానిని పరీక్షింపవలెను. దూరము నడిపించి పరీక్షింపవలెను, కష్టము చేయించి పరీక్షింపవలెను.

ఆ దినములలో ఒంగోలున అమెరికన్ బాప్టిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ ఉండెను. యౌవనమున భూమి కొలతల పని నేర్చినవాడగుటచేత, కరవు సహాయముగా త్రవ్వబడుచున్న బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొనెను. బోధకులు మేస్త్రీలైరి. వేలమంది, అందులో అనేకులు మాదిగలు, ఆ పనిలో చేరి ప్రాణములు నిలుపుకొనిరి. పని ఆగిన వేళల బోధకులు వారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు పిలిచిన ప్రభువును గూర్చి చెప్పుచుండిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌ ఒప్పుకొనలేదు. సహాయము జరుగుచున్నంతకాలము, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మములను నిలిపివేసెను.

1878 నడిమికి సహాయపు పని ముగిసెను. ఇక తన యొద్ద ఇచ్చుటకేమియు లేదని ఆయన జనులతో చెప్పెను. వారు మరలిపోలేదు. తమకు ధనసహాయము అక్కరలేదనియు, కాయలు కాచిన తమ చేతులే సాక్ష్యమనియు, రాబోవు పంటయు పోయినయెడల చత్తుము గాని క్రైస్తవులముగా చత్తుమనియు వారు బదులు చెప్పినట్లు ఆయన వృత్తాంతము తెలుపుచున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లియొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతు చొప్పున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిరి. క్లౌ తన చేతులతో ఒక్కరికైనను ఇయ్యలేదు. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606 ఆయెను.

ఇంత జరిగినను వారికి "రైసు క్రైస్తవులు" అను పేరు తప్పలేదు. ఆ మాటలో రెండు అవమానములు గలవు. పేదవానికి కడుపు తప్ప ఆత్మ లేదనుట ఒకటి. అణగద్రొక్కబడిన కులమువాడు తనంతట తాను ఆలోచింపలేడనుట రెండవది. కరవునకు పదేండ్లకు ముందు, 1866లో, తాళ్లకొండపాడునుండి వచ్చి బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగయే. గురువులను వెదకుచు యోగసాధన చేసినవాడు. అతడు క్రీస్తును కనుగొన్నప్పుడు ఎవడును అతనికి బియ్యము పంచలేదు. అతడు ఊరూర తిరిగి చెప్పిన మాటయే కరవునాటి కోతకు విత్తనములలో నొకటి.

క్లౌ చేసిన ఆలస్యమును జనుల యథార్థతను పరీక్షించుటగా అనేకులు భావింతురు. ఆ భావములో సత్యము లేకపోలేదు. అయితే నేను దానిని వేరొక విధముగా చదువుచున్నాను. జనులు కోరినది జనుల యొద్దనే యుండెను. మారినది క్లౌ చెయ్యి. అది నిండియున్నంతకాలము ఆయన జవాబు అడుగలేదు. అది వట్టిదైన తరువాత జనులు చెప్పిన జవాబును అంగీకరించెను. ప్రభుత్వము పుచ్చుకొనువానిని పరీక్షించెను. క్లౌ పెట్టిన నియమము అన్నిటికంటె ముందుగా ఇచ్చువానిని బంధించెను. తన బియ్యము తన సువార్తకు సాక్ష్యము పలుకకుండునట్లు ఆయన దాని నోరు మూసెను.

ఆ నియమమునకును వెల లేకపోలేదు. ఆ కరవులో, ఆ పదిహేను నెలలలో, బాప్తిస్మము కోరి అది దొరకకయే కన్నుమూసినవారు లేకుండిరని ఎవరు చెప్పగలరు? సిలువమీద ప్రభువు ప్రక్కనున్న దొంగకు నీరు దొరకలేదు గాని పరదైసు దొరికెనని మనము ఆదరణ పొందవచ్చును. అయినను ఇచ్చువాని చేతిని శుద్ధిచేయుటకు పుచ్చుకొనువాడు ఎంతకాలము వేచియుండవలెనను ప్రశ్న నన్ను విడువలేదు. కాబట్టి క్లౌ నియమమును నేను శాసనముగా తీసికొనుట లేదు. అది చూపిన దిక్కును మాత్రము తీసికొనుచున్నాను.

ఎవరి హృదయమును తూచవలెను?

అన్నము కొరకు వచ్చినవాడు నిజముగా వచ్చినవాడు కాడని మనము తీర్పు తీర్చునప్పుడు, లూకా 15వ అధ్యాయము మనలను అడ్డగించును. తప్పిపోయిన కుమారుడు తండ్రిమీది ప్రేమచేత లేచెనని ప్రభువు చెప్పలేదు. తండ్రి యింట కూలివారికి సమృద్ధిగా ఆహారమున్నదని తలంచుకొని లేచెను. దేశమున కరవు వచ్చెను, అతనికి ఆకలి వేసెను. అతడు కట్టుకొనిన మాటలలో పశ్చాత్తాపమున్నదో, తిండి సంపాదించు ఉపాయమున్నదో విడదీయుట కష్టము. తండ్రి విడదీయలేదు. దూరముననుండగానే చూచి, పరుగెత్తెను. ఆకలియే వానిని ఇంటికి నడిపించిన దారియైనయెడల, తండ్రి ఆ దారిని నిందింపలేదు.

యోహాను 6వ అధ్యాయములో ప్రభువు జనసమూహమును మందలించెను గదా, వారు రొట్టెలు తిని తృప్తిపొందినందుననే తన్ను వెదకుచున్నారనెను గదా యని మీరు అడుగవచ్చును. నిజమే. అయితే వరుసను గమనింపుడి. మొదట ఆయన వారిని కూర్చుండబెట్టి, కడుపార పెట్టెను. ఎవరు ఏ తలంపుతో వచ్చిరని పచ్చికమీద విచారింపలేదు. వారు ఆయనను పట్టుకొని రాజుగా చేయజూచిరి. అది ఉప్పు తిన్న విశ్వాసమే. అప్పుడాయన కొండకు తప్పించుకొనిపోయెను. మరునాడు వట్టిచేతులతో వారియెదుట నిలిచి, జీవాహారమును గూర్చి కఠినమైన మాట చెప్పెను. అనేకులు వెళ్లిపోయిరి. ఆయన వారిని ఆపలేదు. నిన్న తిన్న రొట్టెను జ్ఞాపకము చేసి వారిని నిలువరింపలేదు. పండ్రెండుమందిని సహితము, మీరును వెళ్లుదురా యని అడిగి విడుదల ఇచ్చెను. అన్నము పెట్టినవాడు వెళ్లిపోవుటకు తలుపు తెరచియుంచెను.

మనము ఈ తలుపును మూయుటకు ఇష్టపడుదుము. రెండవ రాజుల గ్రంథములోని గేహజీ మనకు దగ్గర బంధువు. నయమాను స్వస్థతపొంది కానుక తెచ్చినప్పుడు ఎలీషా ముట్టలేదు. ఇశ్రాయేలు దేవుని కృపకు సిరియా వెండిలో వెల కట్టరాదని ఆయన యెరుగును. గేహజీ వెంబడి పరుగెత్తి, ప్రవక్త పేరట కొంచెము పుచ్చుకొనెను. ఇచ్చినవాడు సంతోషముతోనే ఇచ్చెను. ఎవరికిని నష్టము కలుగలేదు. అయినను నయమానును విడిచిన కుష్ఠము గేహజీకి అంటెను. మనము పరుగెత్తునది రెండు మణుగుల వెండికి కాకపోవచ్చును. సభ్యుల సంఖ్య కొరకు పరుగెత్తవచ్చును, నివేదికలో వ్రాయదగిన ఒక సంగతి కొరకు పరుగెత్తవచ్చును, కృతజ్ఞతతో మనలను చూచు ఒక జత కన్నుల కొరకు పరుగెత్తవచ్చును.

ప్రలోభము చూపి మతము మార్చరాదని 1967లో ఒడిశాలోను, 1968లో మధ్యప్రదేశ్‌లోను శాసనములు చేయబడెను. తరువాత మరి పలు రాష్ట్రములు అట్టి చట్టములను చేసినవి. వాటి వాడుకను గూర్చి చెప్పదగినవి చాల గలవు. ఇక్కడ నేను చెప్పదలచినది ఒకటే. అట్టి చట్టమొక్కటియు లేకున్నను, ప్రలోభము సువార్తకు పగ. కృప ఉచితమని చెప్పు వర్తమానమును వెలకు మార్చినవాడు వర్తమానమునే అబద్ధము చేయుచున్నాడు.

ఋణస్థుడెవడు?

ఇప్పుడు మూలభాషను చూతము. గ్రీకున కృపకు "ఖారిస్" అని పేరు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 8, 9 అధ్యాయములలో పౌలు ఈ మాటను పలుమారులు వాడెను. దేవుడు మనకిచ్చిన కృప ఖారిస్. యెరూషలేములోని బీదల కొరకు సంఘములు పోగుచేసిన ధనము ఖారిస్. దేవునికి చెల్లించు కృతజ్ఞతయు ఖారిస్. తెలుగున ఒక్కొక్క చోట ఒక్కొక్క మాట వేయక తప్పదు, అందుచేత ఈ దారి మన కంటికి తెగిపోవును. గ్రీకున అది చుట్టివచ్చు దారి. దేవునియొద్ద బయలుదేరినది, ఇచ్చువాని చేతిమీదుగా బీదవానియొద్దకు వచ్చి, కృతజ్ఞతయై తిరిగి దేవునియొద్దకు పోవును. ఇచ్చువాడు నడుమ కూర్చుండి, పైకి పోవు కృతజ్ఞతను తన జోలెలో వేసికొనుటయే ఉప్పు తిన్న విశ్వాసము పుట్టు తావు.

కనికరమును గూర్చిన మాటలును ఇట్లే లోతైనవి. ప్రభువు జనసమూహములను చూచి కనికరపడెనని సువార్తికులు వ్రాసిన చోట వాడిన గ్రీకు క్రియ లోపలి ప్రేగులకు చెందిన మాటనుండి పుట్టినది. హెబ్రీ భాషలో వాత్సల్యమునకు వాడు ఒక మాట తల్లి గర్భమునకు పేరైన మాటకు చుట్టము. మన పల్లెవారు కడుపు తరుగుకొనిపోయెనందురు, కడుపుతీపి యందురు. అనువాదకుడు పండితుల మాట వెదకకముందే అవ్వల నోట ఈ అర్థమున్నది. కడుపు తరుగుకొనిపోయినవాడు ముందు లెక్క వేసికొని పెట్టడు. దారిలో కొన ఊపిరితో పడియున్నవానికి సమరయుడు చేసిన మేలులో బోధ లేదు, వాని పేరైనను లేదు. అదనముగా ఖర్చైనది తన లెక్కలో వ్రాసికొమ్మని పూటకూళ్లవానితో చెప్పి వెళ్లెను. గాయపడినవాడు లేచునప్పటికి వానిపేర అప్పు లేదు.

అట్లయిన నోరు మూసికొనియుండుటయే మేలా? కాదు. షోమ్రోనును సిరియనులు ముట్టడించినప్పుడు పట్టణమున ఘోరమైన కరవు కలిగెను. గవినియొద్దనున్న నలుగురు కుష్ఠరోగులు శత్రువుల దండుపేటకు వెళ్లి, అది విడువబడి ఆహారముతో నిండియుండుట చూచి, కడుపార తినిరి. అంతట వారు ఒకరితో ఒకరు, ఇది శుభవర్తమానపు దినము, మనము ఊరకున్నయెడల నేరస్థులమగుదుమని చెప్పుకొనిరి. ఆ రొట్టెలో ఒక్కటియు వారు చేసినది కాదు. వారు దాతలు కారు, తామును తినివచ్చినవారు. ఆకలిగొన్న పట్టణముతో వారు చెప్పవలసినది, అన్నము ఎక్కడ నున్నదో అంతే. అన్నము పెట్టి ఆ సంగతి చెప్పకపోవుటయు కనికరమునకు లోటే.

రోమీయులకు వ్రాయుచు పౌలు తన్ను తాను గ్రీసుదేశస్థులకును, అన్యభాషల వారికిని, జ్ఞానులకును, మూఢులకును ఋణస్థునిగా చెప్పుకొనెను. చదువరులారా, ఈ ఒక్క మాట మన చిక్కును విప్పుచున్నది. సువార్త ప్రకటించువాడు ఋణస్థుడు, వినువాడు ఋణదాత. మనకు క్రీస్తునందు దొరికినదానిని పొరుగువానికి బాకీపడియున్నాము. బాకీ తీర్చువాడు ఎదుటివానియొద్ద పత్రము వ్రాయించుకొనడు. బాకీని దాచుకొనుటయు న్యాయము కాదు. మేము ఆ స్త్రీయొద్ద ఋణదాతలవలె నిలిచితిమి. ఆ యౌవనునియొద్ద బాకీ ఎగవేసినవారివలె నిలిచితిమి.

దీనినిబట్టి మా సంఘము కొన్ని సంగతులు నేర్చుకొనెను. మొదటిది: సువార్తను త్రోసివేయువానికిని అదే కొలత, అదే బియ్యము. రేపు మరల వచ్చినను అదే ముఖము. రెండవది: ఎవరైనను ఎందుకు పెట్టుచున్నారని అడిగినయెడల దాచకుండ, పొడిగింపకుండ, మేమును పెట్టించుకొని తిన్నవారమే, పెట్టినవాడు యేసు అని చెప్పవలెను. మూడవది: జవాబును మన చెయ్యి నిండియున్న వేళ అడుగరాదు. సంచి మోసుకొని వెళ్లిన దినమున కాక, ఏమియు తీసికొనిపోని దినమున వెళ్లి, ప్రక్కన కూర్చుండి, వారి మాట విని, మన మాట చెప్పవలెను. వెండి బంగారములు తన యొద్ద లేవని చెప్పిన పేతురు శృంగారద్వారమునొద్ద వట్టిచేతితోనే కుంటివాని చెయ్యి పట్టుకొనెను. పొరుగువాని తలంపులలో అన్నమెంత, ఆత్మయెంత యని తూచుటకు మనకు త్రాసు ఇయ్యబడలేదు. మన తలంపులను తూచుకొనుటకు ఇయ్యబడినది, అది మనకు చాలును.

రైళ్లు మరల నడిచిన దినములలో నేను ఆ షెడ్లకు వట్టిచేతులతో వెళ్లితిని. వాటిలో ఎవరును లేరు. రేకులక్రింద పొయ్యిరాళ్లు మాత్రము మిగిలియుండెను. ఆమెకు చెప్పవలసినది నా యొద్దనే నిలిచిపోయెను. అది ఇది.

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో పౌలు ఒక వ్యాపారపు మాట వాడెను. గ్రీకున దాని అర్థము చేవ్రాత. అప్పు తీసికొన్నవాడు తన చేతితో వ్రాసియిచ్చు పత్రమునకు అది పేరు. మనకు విరోధముగానున్న ఆ పత్రమును దేవుడు తుడిచివేసి, మన అడ్డమునుండి తీసివేసి, సిలువకు మేకులతో కొట్టెనని అపొస్తలుడు చెప్పుచున్నాడు. ఈ వాక్యమును నేను తరగతిలో అనేకమారులు వివరించియున్నాను. ఆ పత్రము ఎట్లుండునో నాకు తెలియలేదు. బొటనవ్రేలిని కొంగుతో తుడుచుకొని నిలిచిన ఆ తల్లి చూపువరకు తెలియలేదు.

అమ్మా, వ్రేలిముద్ర ఎక్కడ వేయవలెనని అడిగితివి. నీవు వేయవలసిన తావు లేదు. నీ ముద్ర పడిన పత్రమును, నా చేవ్రాతయున్న పత్రమును ఒకే మేకునకు గుచ్చి ఒకడు చెల్లించెను. నీ కొంగుననున్న కాగితములో వ్రాసియున్నది ఇదియే. మేము దానిని ఇచ్చిన తీరు నీకు వేరొకటి చెప్పెను. మమ్మును క్షమింపుము. నీవున్న ఊరిలో, ఏమియు అడుగని ఒకరు, తీరిక చేసికొని నీ ప్రక్కన కూర్చుండి, ఆ మడతలు విప్పి దానిని నీకు చదివి వినిపింతురు గాక. ఆమేన్.